నాలుగు డిస్కుల్లో ఒక గొంతు

చప్పుడు మారిందా? లేదు. కింద వీధిలో ఏదో ఆటో గేరు మార్చుకుంది, అంతే. ఎల్లారావు చెవిని మళ్ళీ ఆ ఇనుప పెట్టెకు దగ్గరగా తెచ్చి ఊపిరి బిగబట్టాడు. మూడు పాత డిస్కులు ఒకే శ్రుతిలో తిరుగుతున్నాయి. నాలుగోది, మధ్యాహ్నం ఏ కారణమూ చెప్పకుండా చచ్చిపోయిన దాని స్థానంలో అతడు తన చేత్తో బిగించిన కొత్త డిస్కు, కొత్తచోట నిద్ర పట్టని మనిషిలా అప్పుడప్పుడూ కటుక్కుమంటోంది. పోయిన దానిలో ఏముండేదో మిగిలిన మూడూ కలిసి లెక్కకట్టి దీనికి అప్పగిస్తున్నాయి, ముగ్గురు బంధువులు కూర్చుని చనిపోయినవాడి సంగతులన్నీ జ్ఞాపకం చేసుకుని నాలుగోవాడికి చెప్పినట్టు. పెట్టె ముఖాన ఉన్న చిన్న తెర మీద ఆ పని సగం దాటింది. ఇంకో గంట పట్టవచ్చు. ఈ గంటలో ఆ ముగ్గురిలో మరొకడు గాని కన్నుమూస్తే చెప్పడానికి ఉన్నవాళ్ళు చాలరు, అంతా పోతుంది, పోతమ్మ పోతుంది. మనిషి పోయి ఏడాది దాటింది గనక ఇప్పుడు పోయేది ఆమె గొంతు, దానితోపాటు సన్యాసిరాజు మెడకు బిగించాలని ఎల్లారావు ఇన్నేళ్ళుగా పేనుతూ వచ్చిన తాడు. సాయంత్రం ఆరింటికి సభ. బీచ్ రోడ్డు హోటల్లో, చల్లని హాల్లో, సన్యాసిరాజు పుస్తకానికి రెండో ముద్రణ, శాలువా, దండ, ఫొటోలు. మూడో వరుసలో కూర్చోవాలని ఎల్లారావు ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. మొదటి వరుసలో కూర్చుంటే ముందే చూసి జాగ్రత్తపడతాడు. వెనక కూర్చుంటే వాడి ముఖంలో రక్తం దిగిపోవడం కనబడదు.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. వన్ టౌన్‌లో కిటికీ తెరిస్తే రేవు లోపలికి వస్తుంది, ఎర్రని ఖనిజం ధూళీ నల్లని బొగ్గు ధూళీ కలిసి, అన్నంలోకీ పుస్తకాల అంచుల్లోకీ కంటి రెప్పల్లోకీ; దాని వెనకే ఉప్పుగాలి వచ్చి మరమేకుల తలలను తినేస్తుంది. అందుకే పెట్టెను కిటికీ లేని లోపలి గదిలో పెట్టాడు, ఫ్యాను మూతికి పల్చని మల్లు గుడ్డ కుట్టాడు, ఆ గుడ్డను ప్రతి ఆదివారమూ ఉతికాడు. ఈ గదికీ బల్ల ఉన్న ముందు గదికీ మధ్య గోడకు రంధ్రం చేసి ఒక కేబుల్ లాగాడు, వినాలంటే అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని వింటాడు. నాలుగు డిస్కులూ నాలుగు దుకాణాల్లో కొన్నాడు, వేరువేరు నెలల్లో తయారైనవి ఏరి. ఒకే పెట్టెలోంచి తీసినవి ఒకే వారంలో పోతాయని ఎక్కడో చదివాడు. వాటిలో మొదట పనికిరాని సరుకు నింపాడు, సినిమా పాటలూ, రైల్వే టైమ్ టేబుళ్ళూ, ఎవరికీ అక్కరలేని సెమినార్ ప్రసంగాలూ. నింపి, రోజుకొక డిస్కును ఊడబెరికి చూశాడు. ప్రతిసారీ మిగిలిన మూడూ నిలబడ్డాయి. ప్రతిసారీ ఒక్కొక్క ఫైలుకూ ముందు కట్టిన మొత్తం, తర్వాత కట్టిన మొత్తం, ఒక్క అంకె తేడా లేకుండా సరిపోయిందాకా లేవలేదు. ఊడబెరికేటప్పుడు మాత్రం ఒక వింత సంతోషం కలిగేది. ఆ లాగిన లాగుకి ఎదురుగా ఎవరి ముఖం కనబడేదో చెప్పనక్కరలేదు. తీయి, సన్యాసిరాజూ, తీసుకో. ఇదిగో మళ్ళీ వచ్చింది. ఇంకోటి తీయి. మళ్ళీ వచ్చింది. ఆ నెలలన్నీ ఆ చీకటి గదిలో అతడు వాడితో ఆడిన ఆట అది, ఒక్కసారి కూడా ఓడని ఆట. ఇవాళ మాత్రం ఎవరూ లాగలేదు. తనంతట తానే పోయింది. ఇవాళ లోపల ఉన్నది సినిమా పాటలు కావు.

ఇంకో నకలు తీసి ఎక్కడైనా దాచుకుంటే ఈ దడ ఎందుకు? అడిగేవాడు లేడు గాని అడిగితే జవాబుంది. పోతమ్మ పెట్టిన షరతు. జాలరిపేట ఇసుకలో, బోర్లించిన తెప్ప నీడన, తొంభై మూడులో, భుజాన టేపురికార్డరుతో అప్పుడే దిగిన లెక్చరర్ ఎల్లారావును ఆమె ఎగాదిగా చూసింది. చుట్ట మంట నోట్లోకి తిప్పుకుని, ఎండుచేపలు తిరగేస్తూనే, వాళ్ళ మాట ప్రకారం గొంతు మనిషి ఒంట్లోదేనని, దాన్ని ఊరికే బయటికి పంపకూడదని చెప్పింది. ఆమె అన్న మాట ఇప్పటికీ అలాగే చెవిలో ఉంది.

"నా గొంతు నువ్వట్టుకెలిపోతే మా ఇంట్లో ఏటి మిగుల్తాది బావూ? నీకొకటి, నాకొకటి. మూడోది పుట్టిందా, నీకూ నాకూ మాట్నేదు."

ఆ రోజునుంచీ ప్రతి క్యాసెట్టునూ రెండుగా చేశాడు, ఒకటి తనకు, ఒకటి ఆమెకు. ఆమె తన వాటిని బియ్యం డబ్బాలో వేపాకు వేసి దాచింది. కూతురి పెళ్ళికి కూడా వాటిని బయటికి తీయనివ్వలేదు. చనిపోయినప్పుడు, ఆమె ముందే చెప్పి ఉంచినట్టు, కొడుకు సింహాద్రి అస్థికలతోపాటు ఆ క్యాసెట్లనూ మూటగట్టి సముద్రంలో విడిచాడు. ఒడ్డున నిలబడి చూశాడు ఎల్లారావు. తెల్లటి మూట, ఒక అల మీదికి లేచి, రెండో అల కిందికి వెళ్ళిపోయింది. ఆమె ప్రతి ఆమెతో పోయింది. ఇక తనకొకటి. మూడోది పుట్టకూడదు, రెండోదానికి చోటు లేదు, ఉన్న ఒక్కటీ చావకూడదు. మూడు రాత్రులు ఆలోచిస్తే దొరికిన మార్గం ఈ పెట్టె, దీనిలోకి ఎక్కించిన క్యాసెట్టునల్లా చెరిపేశాడు. నాలుగు డిస్కుల్లో పరిచినా ఇది ఒకే ప్రతి. ఏ ఒక్క డిస్కునూ విడిగా తీసి వినబోతే ఒక్క ముక్క కూడా అర్థం కాదు. న్యాయశాస్త్రం చదివినవాడెవడైనా దీన్ని తప్పుపడతాడేమో గాని పోతమ్మ తప్పుపట్టదు, నవ్వుతుంది. అందుకే సాయంత్రం సభకు కూడా ఒక ముక్క వేరే దానిలోకి ఎక్కించుకుని వెళ్ళే ఆలోచన లేదు, పెట్టెను పెట్టెగానే, దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాలి. సింహాచలం దేవుణ్ణి కొండమీంచి దింపుతున్నట్టు తీసుకెళ్ళాలి. చప్పుడు. ఇది నిజంగానే చప్పుడు. కాదు, కింద నుంచి, మోటారు.

దీపాలు ఒక్కసారి పల్చబడ్డాయి. పెట్టె పక్కన యూపీఎస్ పిచ్చుకలా అరవడం మొదలెట్టింది. ఎల్లారావు మెట్ల దాకా పరుగెత్తాడు. కింద వాటాలో కృపావతి, ఇంటి యజమానురాలు, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, నీళ్ళ మోటారు స్విచ్చు మీద చెయ్యి వేసి పైకి చూస్తోంది. ఒక్క గంట ఆగమని అతడు చేతులు జోడించాడు. గంట కిందట కూడా గంటే అన్నారని ఆమె గుర్తుచేసింది.

"బట్టలు నానబెట్టీసేను మేస్టారూ. పోన్లెండి, ఆపీసేను. ఏటా పెట్టెలో? పసిపిల్లేటి, చప్పుడైతే లేచిపోడానికి?"

"అంతకంటే ఎక్కువమ్మా."

"అయితే ప్రార్థన సేత్తాను. మీరేమో నా మోటారుని తిట్టకండి."

మోటారు ఆగింది. యూపీఎస్ అరుపు మానింది. తిరిగి వచ్చి గోడకు ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు, మోకాళ్ళు చేతులతో చుట్టుకుని. నాలుగు చప్పుళ్ళూ ఉన్నాయి. ఉన్నాయి. పసిపిల్ల అంది. ఆ మాటే, సరిగ్గా ఆ మాటే సన్యాసిరాజు అన్నాడు, తొంభై తొమ్మిదిలో. ఇద్దరికీ కాలేజీలో ఒకే గది, ఒకే టీ ఫ్లాస్కు, ఒకరినొకరు బావా అనుకోవడం. నీ క్యాసెట్లు పసిపిల్లల్లా పెంచుకుంటున్నావు బావా, బూజు పట్టి చస్తాయి, మా తమ్ముడి దగ్గర కంప్యూటరుంది, అన్నీ డిస్కులోకి ఎక్కించీసి ఇత్తాను. ఎల్లారావు రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు అతడి స్కూటరు మీద కట్టాడు, తాడు తానే బిగించాడు, దారిలో గుంటలున్నాయి నెమ్మదిగా వెళ్ళమన్నాడు. ఎంత మంచివాడు తాను. నెల తర్వాత సన్యాసిరాజు వట్టి చేతులతో వచ్చి టీ పోసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఇప్పటికీ తెలియదు.

"డిస్క్ పోనాది బావా. క్యాసెట్లేమో వానకి తడిసిపోతే మా మరదలు పారబోసీసింది. నానేటి సెయ్యను సెప్పు?"

ఏమీ చెయ్యొద్దన్నాడు ఎల్లారావు. ఓదార్చాడు కూడా. టీ చల్లారిపోతుంది తాగు అన్నాడు. ఆ ఒక్క వాక్యం, టీ చల్లారిపోతుంది తాగు, తొమ్మిదేళ్ళుగా పళ్ళ మధ్య ఇరుక్కున్న చేపముల్లు. మూడేళ్ళకి పుస్తకం వచ్చింది. జాలర్ల సముద్రపు గుర్తుల మీద తెలుగులో మొదటి పరిశోధన అని అట్ట మీద వేసుకున్నాడు. ఎల్లారావు దాన్ని దుకాణంలో నిలబడే చదివాడు, పేజీ తర్వాత పేజీ, తాను అడిగిన ప్రశ్నల వరసలోనే జవాబులు, పోతమ్మ దగ్గినచోట వాక్యం తెగింది, ఆమె మనవణ్ణి కేకేసినచోట పేరా మారింది. మర్నాడే రాజీనామా ఇచ్చాడు. ఎవరితోనూ గొడవ పడలేదు. గొడవ పడాలంటే రుజువుండాలి. రుజువు బియ్యం డబ్బాలో ఉందని, ఆమె ప్రతులు ఆమె దగ్గరే ఉన్నాయని, కోపంలో అతడికి తట్టనే లేదు, రెండు రోజుల తర్వాత తట్టింది, జాలరిపేటకు పరుగెత్తాడు. నీది పోయింది గనక నీకొకటి మళ్ళీ చేసుకోమని ఆమె డబ్బా మూత తీసింది.

ఆ సాయంత్రం పోతమ్మకు పుస్తకం చదివి వినిపించాడు. గుర్తులంటే ఇవే: కొత్త మనిషికి కనపడేది నీళ్ళు మాత్రమే, జాలరికి ఆ నీళ్ళ మీద గీతలుంటాయి. ఒడ్డున రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి పడేలా తెప్పను నడిపితే అదొక గీత, మరో పక్క మరో రెండు కలిస్తే ఇంకో గీత, గీతలు రెండూ కోసుకున్నచోట చేప. ఆమె మామగారి కాలంనుంచీ ఆ ఇంటివాళ్ళకే తెలిసిన ఒక చోటుంది. ఆ చోటి గుర్తును సన్యాసిరాజు ప్రత్యేకంగా పటం వేసి అచ్చు వేయించాడు: లైట్‌హౌసు వెనక ఉక్కు కర్మాగారపు పొగగొట్టం, కైలాసగిరి తల వెనక సింహాచలం కొండ భుజం. పోతమ్మ వింటూ వింటూ చుట్ట కింద పెట్టింది. మొదట దగ్గనుకున్నాడు. నవ్వు. ఒళ్ళంతా ఊగిపోయే నవ్వు, కళ్ళు తుడుచుకుంటూ, ఒళ్ళో పిల్లాణ్ణి పక్కకు దింపుకుంటూ. అతడి చెయ్యి తానే టేపురికార్డరు మీటను నొక్కింది. అలవాటు. ఆ నవ్వు కూడా ఈ పెట్టెలోనే ఉంది ఇప్పుడు, ముగ్గురు బంధువులు నాలుగోవాడికి చెబుతున్న దానిలో ఆ నవ్వు కూడా ఉంది.

అది దొంగ గుర్తని చెప్పింది పోతమ్మ. వాళ్ళలో వాడుకే అది. కొత్తగా వచ్చి అడిగేవాడికి లేదనకూడదు, సముద్రం అందరిదీ. ఉన్నది చెప్పకూడదు, చోటు ఇంటిది. కాబట్టి ఒక గీత నిజం, ఒక గీత అబద్ధం. ఆ పొగగొట్టం గుర్తు పట్టుకుని వెళ్ళినవాడికి తగిలేది ఎప్పుడో మునిగిన బార్జి, దాని ఇనుము మీద వేసిన వల తిరిగి రాదు. ఇంటికొకటి చొప్పున అబద్ధం ఉంటుందట, ఈ అబద్ధం ఆమె సొంతది, ఆమె పెనిమిటికి కూడా తెలియదు, ఎల్లారావుకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆ మాట చెప్పి, అదే ఊపిరిలో, అతడి మోకాలి మీద చెయ్యి వేసి, అసలు గుర్తు చెప్పింది. ఆ మాటను ఎల్లారావు మనసులో కూడా పూర్తిగా అనుకోడు. అనుకుంటే ముఖం మీద కనబడుతుందేమోనని.

ఇంతకంటే గట్టి రుజువు ఏ కోర్టుకి దొరుకుతుంది? దొంగ ఎత్తుకెళ్ళిన నగ గిల్టుదని, ఆ గిల్టు ఈ ఇంట్లోనే పోశారని. సభలో లేచి నిలబడి, అధ్యక్షా ఒక్క నిమిషం అని, పెట్టెను అక్కడి కంప్యూటరుకు తగిలించి, పోతమ్మను మాట్లాడనిస్తే చాలు. ఎన్ని మధ్యాహ్నాలు ఆ నిమిషాన్ని నెమరువేశాడు. హాల్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో, ఏసీ చప్పుడు ఎలా వినబడుతుందో, సన్యాసిరాజు చెయ్యి శాలువా అంచును ఎలా వెతుక్కుంటుందో. తెర మీద అంకె ఎనభై దాటింది. ఒక్కటే చిక్కు, చాలాకాలంగా చూస్తూ చూడనట్టు పక్కన పెడుతూ వచ్చిన చిక్కు. అబద్ధమని చెప్పిన ఊపిరిలోనే అసలు గుర్తు ఉంది. అక్కడ ఆపేస్తే? ఆపేస్తే సన్యాసిరాజు ఊరుకోడు. ముక్క వినిపిస్తన్నాడు, మొత్తం వినిపించమనండి, కోసి అతికించీసేడు అంటాడు. అనడం వాడి హక్కు, తానైనా అదే అంటాడు. మొత్తం వినిపిస్తే రేపు పొద్దున్నకి రేవులోని ట్రాలర్లన్నీ ఆ చోటి మీద ఉంటాయి, అడుగున ఇసుకతో సహా ఊడ్చుకుపోతాయి. సింహాద్రి ఇప్పటికీ ఆ చోటి మీదే బతుకుతున్నాడు.

పోనీ. ఆ మాట మెదడులో ఒక మూలనుంచి నిజంగానే వచ్చింది, పోనీ, చేపలేనా, సింహాద్రికి వేరే చోట దొరకవా, తొమ్మిదేళ్ళు, ఆ శాలువా, ఆ టీ. ఎల్లారావు దాన్ని తోసెయ్యలేదు. దాని ముఖంలోకి చూశాడు. చూస్తూ ఉండగా ఇంకో సంగతి, ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టనిది, నెమ్మదిగా లేచి ఎదురుగా కూర్చుంది. ఆ అబద్ధం ఆమె సన్యాసిరాజుకు చెప్పలేదు. అప్పటికి సన్యాసిరాజెవరో ఆమెకు తెలియదు. తొంభై మూడులో, తెప్ప నీడన, టేపురికార్డరు పట్టుకుని కళ్ళు మెరిపిస్తూ కూర్చున్నవాడికి చెప్పింది. దొంగ కోసం పెట్టిన అబద్ధాన్ని తనకు పెట్టింది. పదేళ్ళు తాను దాన్ని తెప్పల లెక్కల్లో, పటాల్లో, పాఠాల్లో నిజమని మోశాడు. ఆమె ఎదుట తానూ సన్యాసిరాజూ ఒకే వరసలో నిలబడ్డారు, ఒకడు ముందొచ్చాడు, ఒకడు తర్వాత. ఆ తర్వాత తనను ఆ వరసలోంచి బయటికి లాగింది, మోకాలి మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి బరువు ఇప్పుడు తెలిసింది. చేపల పొలుసు అంటిన చెయ్యి, రెండు రోజులు ఫ్యాంటుకు వాసన వదల్లేదు.

కటుక్. మరోసారి కటుక్. తర్వాత ఏమీ లేదు. ఎల్లారావు లేచి నిలబడ్డాడు, లేచాడని తెలియకుండానే. ఎర్రదీపం ఆరింది. దాని చోట పచ్చదీపం వెలిగింది. తెర మీద నాలుగూ ఉన్నాయని, నాలుగూ ఆరోగ్యంగా ఉన్నాయని ఒక పొడి వాక్యం. వాక్యాన్ని నమ్మే మనిషి కాడు. ముందు గదిలోకి వెళ్ళి ఫైలు తర్వాత ఫైలు మొత్తం కట్టించాడు, పాత అంకెల పక్కన కొత్త అంకెలు పెట్టాడు, చివరిదాకా. తేడా లేదు. అప్పుడు ఆ ఒక్క ఫైలు తెరిచి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నవ్వు దగ్గరనుంచి విన్నాడు. నవ్వు ఉంది. దగ్గు ఉంది. పిల్లాడి ఏడుపు ఉంది. అసలు గుర్తు ముందు ఆపేశాడు. గడియారం చూశాడు. సభకు ఇంకా టైముంది. పెట్టెకు చుట్టాల్సిన దుప్పటి కుర్చీ మీద మడతపెట్టే ఉంది.

ఫోను మోగింది. సింహాద్రి. సభలో మత్స్యకారుల తరఫున తనకూ ఒక తువ్వాలు కప్పుతారట, రమ్మన్నారట, దాని సంగతి కాదు, ఇంకో ముక్కుంది, సన్యాసిరాజు గారు టీవీవాళ్ళని తీసుకుని రేపు తెల్లారగట్ల సముద్రం మీదికెళ్ళాలంటున్నారు, పుస్తకంలో పటం వేసిన చోటికి, అక్కడ వల వేసి చేప తీసి చూపించాలట, ఫొటోలు తీస్తారట, పోతమ్మ కొడుకువి కదా నీ పడవే కావాలన్నారట. సింహాద్రి గొంతు తగ్గించాడు.

"అది మాయమ్మ దొంగ గుర్తు గదా మేస్టారూ, పోయేముందు నాకూ సెప్పింది. ఇనుముంటాది. ఏటి సెప్పమంటారు? పడవ పాడైపోనాది అనీమంటారా?"

గోడ అవతల నాలుగు డిస్కులూ ఒకే శ్రుతిలో తిరుగుతున్నాయి. హాల్లో ఏసీ చప్పుడు, మూడో వరుస, శాలువా అంచు, అన్నీ ఒకసారి కళ్ళ ముందుకు వచ్చి, పాత సామాను పక్కకు జరిపినట్టు పక్కకు జరిగాయి. వాటి వెనక నీళ్ళు కనబడ్డాయి. తెల్లవారుజాము నీళ్ళు, పడవ ముందు భాగంలో లైఫ్ జాకెట్టు తొడుక్కుని చెయ్యి చాపి కెమెరాకు పొగగొట్టం చూపిస్తున్న సన్యాసిరాజు, ఒక గీత, రెండో గీత, ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, వెయ్యి వల.

"తీసుకెళ్ళు" అన్నాడు. "పుస్తకంలో ఎలా ఉందో అలాగే తీసుకెళ్ళు. ఒక్క బార కూడా తప్పకు. నువ్వు ఏమీ మాట్లాడకు, ఆయన్నే చూపించమను."

అవతల సింహాద్రి నవ్వాడు, తల్లి నవ్వే, కొంచెం కురచగా.

"అయితే పాత వలేత్తాను. ఎలాగా సిరిగిపోయిందే."

"వద్దు, కొత్తది వెయ్యి. నీలం రంగుది, టీవీలో బాగా కనబడాలి. వల నాది, నేను కొనిపెడతాను."

ఫోను పెట్టేసి లోపలి గదిలోకి వెళ్ళాడు. పెట్టె వెనక చెయ్యి పెట్టి, గోడ రంధ్రంలోంచి వచ్చిన కేబులును క్లిప్పు నొక్కి మెల్లగా ఊడదీశాడు. పచ్చదీపాలు నాలుగూ అలాగే వెలుగుతున్నాయి. దుప్పటి తెచ్చి, గాలి ఆడేచోటు వదిలి, పెట్టె పక్కన నేల మీద పరుచుకున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చి, మోటారు వేసుకోవచ్చని కృపావతికి కేకేసి చెప్పాడు. తెల్లవారకముందే ఎవరైనా ఆటో అబ్బాయి దొరుకుతాడా, జాలరిపేట ఒడ్డుకు వెళ్ళాలి అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి పొద్దున్నే బయటికెళ్ళడం ఆమె చూడలేదు. ఏం పని అని అడిగింది.

"వల లాగేటప్పుడు చూడాలమ్మా" అన్నాడు ఎల్లారావు.